డేటా పోయింది, పరిహారం ఎంతొచ్చింది?

2019 జూలై చివర్లో అమెరికా అంతటా ఒక అంకె నోటినోటా పాకింది: 125 డాలర్లు. ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ బ్యూరో నుంచి ఎవరి వివరాలు దొంగలపాలయ్యాయో వాళ్లు ఒక ఫారం నింపితే చాలు, ఆ డబ్బు ఇంటికొస్తుందన్నారు. ఒప్పందం వెలువడింది జూలై 22న. పది రోజులు తిరక్కముందే, జూలై 31న, ఆ ఒప్పందం కుదిర్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషనే జనాన్ని హెచ్చరించింది. అందరికీ అంత రాదు, డబ్బుకు బదులు ఉచిత క్రెడిట్ మానిటరింగ్, అంటే మన పేరు మీద పుట్టే అప్పులపై నిఘా, తీసుకోవడం మేలు అని చెప్పింది.

ఆ 125 ఎందుకు నిలవలేదో అర్థమైతే, ఆర్థిక సంస్థ నుంచి మన డేటా పోయినప్పుడు మనకు దక్కేదేమిటో, దక్కనిదేమిటో తెలిసిపోతుంది. అందుకే ముందు ఆ కేసును అంకెల వెంట చూద్దాం. ఆ తర్వాత అవే ప్రశ్నలు మన దేశపు చట్టాన్ని అడుగుదాం.

14.7 కోట్లు: ఎవరి వివరాలు పోయాయి?

ఈక్విఫాక్స్ ప్రధాన కార్యాలయం జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో ఉంది. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, వాయిదాలు సరిగ్గా కట్టారా లేదా అన్న చరిత్రను సేకరించి, అప్పిచ్చే సంస్థలకు అమ్మడం దాని వ్యాపారం. ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్‌లతో కలిపి అమెరికాలో ఇలాంటి పెద్ద బ్యూరోలు మూడు. వీటిలో ఎవరూ వెళ్లి ఖాతా తెరవరు. కార్డో, కారు లోనో తీసుకోగానే మన పేరు అక్కడికి చేరిపోతుంది.

అట్లాంటా చుట్టుపక్కల ఆల్ఫరెట్టా, జాన్స్‌క్రీక్, కమింగ్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఉద్యోగంలో చేరగానే సోషల్ సెక్యూరిటీ నంబరు, దాని వెంటే మొదటి క్రెడిట్ కార్డు, రెండేళ్లకు కారు, ఇంకొన్నాళ్లకు ఇల్లు. ఈ దారిలో నడిచిన ప్రతి ఒక్కరి ఫైలూ బ్యూరోల దగ్గర ఉంటుంది. కాబట్టి ఇది మనవాళ్లకు దూరపు కథ కాదు.

పోయిన వివరాలు దాదాపు 14.7 కోట్ల మందివి. పేరు, పుట్టిన తేదీ, చిరునామాలతో పాటు 14.5 కోట్లకు పైగా సోషల్ సెక్యూరిటీ నంబర్లు వాటిలో ఉన్నాయి. క్రెడిట్ కార్డు నంబర్లు మాత్రం 2.09 లక్షలే. అసలు ప్రమాదం ఈ తేడాలోనే ఉంది. కార్డు నంబరు పోతే బ్యాంకు కొత్త కార్డు ఇస్తుంది. పుట్టిన తేదీ పోతే కొత్తది ఎవరిస్తారు? సోషల్ సెక్యూరిటీ నంబరు మనిషి వెంట జీవితాంతం ఉంటుంది. ఉద్యోగం వదిలి హైదరాబాద్ తిరిగొచ్చేసినా అది అదే.

76 రోజులు: తప్పు ఎవరిది?

పరిహారం అడగాలంటే మొదట తేలాల్సింది నిర్లక్ష్యం ఉందా లేదా అన్నది. ఈ కేసులో తేదీలే సాక్ష్యం చెప్పాయి.

ఈక్విఫాక్స్ వాడిన అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని 2017 మార్చి 7న లోకానికి తెలిసింది. మర్నాడే అమెరికా ప్రభుత్వ సైబర్ విభాగం హెచ్చరిక పంపింది. మార్చి 9న ఈక్విఫాక్స్ లోపలే 400 మందికి పైగా సిబ్బందికి, 48 గంటల్లో సరిచేయండని ఈమెయిల్ వెళ్లింది. ఒక్క పోర్టల్ మాత్రం అలాగే మిగిలిపోయింది. వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునే పోర్టలే అది.

మే 13న దొంగలు ఆ దారినే లోపలికొచ్చారు. 76 రోజులు అక్కడే ఉన్నారు. దాదాపు 9,000 సార్లు డేటాబేసుల్లో వెతికి, 265 సార్లు వ్యక్తిగత వివరాలు తోడుకున్నారు. బయటికెళ్లే సమాచారాన్ని తనిఖీ చేసే పరికరం ఉంది, కానీ దానికి కావాల్సిన భద్రతా సర్టిఫికెట్ గడువు తీరి 19 నెలలైంది. జూలై 29న ఆ సర్టిఫికెట్‌ను కొత్తది చేయగానే అనుమానాస్పద రాకపోకలు కనిపించాయి. 19 నెలలుగా మూసి ఉన్న కన్ను తెరిచిన రోజే దొంగతనం బయటపడిందన్నమాట. జనానికి చెప్పింది మాత్రం సెప్టెంబరు 7న, మరో 40 రోజుల తర్వాత.

70 కోట్ల డాలర్లు: ప్రకటించిన మొత్తం ఎటు పోయింది?

పత్రికల శీర్షికల్లో కనిపించిన అంకె 70 కోట్ల డాలర్లు. దాన్ని విడదీస్తే ఇలా ఉంటుంది.

- బాధితుల నిధికి మొదట 30 కోట్లు. చాలకపోతే మరో 12.5 కోట్లు. మొత్తం 42.5 కోట్ల డాలర్ల వరకు.
- 48 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికోలకు 17.5 కోట్లు.
- వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీకి జరిమానాగా 10 కోట్లు.

బాధితుల నిధి మొత్తాన్ని 14.7 కోట్ల మందికి సమానంగా పంచితే తలకు 2.89 డాలర్లు. అట్లాంటాలో ఒక కాఫీకి కూడా సరిపోని డబ్బు. డేటా కేసుల్లో మొదట పట్టుకోవాల్సిన సూత్రం ఇది: ప్రకటించిన మొత్తాన్ని బాధితుల సంఖ్యతో భాగించాకే అది పెద్దదో చిన్నదో చెప్పగలం.

ఈక్విఫాక్స్ చోరీ జరిగిన రెండేళ్ల తర్వాత మరో కేసులోనూ ఇదే లెక్క. 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకు నుంచి అమెరికాలో దాదాపు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది కార్డు దరఖాస్తుదారుల, ఖాతాదారుల వివరాలు పోయాయి. అమెరికా బాధితులతో కుదిరిన ఒప్పందం 19 కోట్ల డాలర్లు. తలకు రెండు డాలర్లు కూడా పడలేదు. దీనికి తోడు బ్యాంకుల నియంత్రణ సంస్థ వేసిన 8 కోట్ల డాలర్ల జరిమానా ప్రభుత్వ ఖజానాకు వెళ్లింది.

125 డాలర్లు, 21 సెంట్లు: ఎక్కడ తేడా కొట్టింది?

ఈక్విఫాక్స్ ఒప్పందంలో అందరికీ ఇచ్చిన ప్రధాన సాయం ఉచిత క్రెడిట్ మానిటరింగ్. నాలుగేళ్లు మూడు బ్యూరోలలోనూ, ఆపై ఆరేళ్లు ఈక్విఫాక్స్‌లోనూ నిఘా ఉంటుంది. అప్పటికే అలాంటి సేవ ఉన్నవాళ్లు దానికి బదులు డబ్బు కోరవచ్చు, గరిష్ఠంగా 125 డాలర్లు. 'గరిష్ఠంగా' అన్న మాట జనం నోళ్లలో పడి జారిపోయింది.

ఈ నగదుకు కేటాయించింది 3.1 కోట్ల డాలర్లే. దాన్ని 125తో భాగిస్తే 2.48 లక్షల మంది వస్తారు. అంటే 14.7 కోట్ల బాధితుల్లో వెయ్యికి ఇద్దరు కూడా అడగకపోతేనే అందరికీ పూర్తి 125 అందుతుంది. ఒకవేళ అందరూ అడిగితే తలకు 21 సెంట్లు. అడిగినవాళ్లు లక్షల్లో తేలారు. అప్పటికే మానిటరింగ్ సేవ ఉందని దాని పేరుతో సహా నిరూపించమని తర్వాత మరో మెట్టు పెట్టారు. చివరికి చాలామంది చేతికొచ్చింది కొద్ది డాలర్లే.

అదీ వెంటనే రాలేదు. వివరాలు పోయింది 2017లో. క్లెయిమ్ గడువు 2020 జనవరి 22. కోర్టు ఆమోదం, దానిపై అప్పీళ్లు దాటి ఒప్పందం అమల్లోకి వచ్చింది 2022 జనవరి 11న. డబ్బు పంపడం మొదలైంది 2022 డిసెంబరులో. అయిదేళ్లకు పైగా నిరీక్షణ. ఇంకా నష్టపోతున్నవాళ్ల కోసం పెట్టిన పొడిగింపు గడువు కూడా 2024 జనవరి 22తో ముగిసింది.

20,000 డాలర్లు: కాగితం ఉన్నవాడి హక్కు

అదే ఒప్పందంలో మరో అంకె ఉంది. అది ఎవరి వాట్సాప్‌లోనూ అంతగా తిరగలేదు. డేటా పోయిన కారణంగా నిజంగా డబ్బు నష్టపోయినవాళ్లు 20,000 డాలర్ల వరకు కోరవచ్చు. వీళ్ల పేరుతో ఎవరో అప్పు తీసుకుని ఎగ్గొడితే కలిగిన నష్టం, లాయరుకు, అకౌంటెంటుకు కట్టిన ఫీజు, క్రెడిట్ ఫ్రీజ్ (తమ పేరుతో కొత్త అప్పు పుట్టకుండా బ్యూరోలో ఫైలుకు తాళం) చేయించడానికి అయిన ఖర్చు, నోటరీ, తపాలా, ఫోన్ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి.

పోయిన సమయానికీ విలువ కట్టారు. గంటకు 25 డాలర్లు, 20 గంటల వరకు, అంటే 500 డాలర్లు. పది గంటల వరకైతే ఏం చేశారో రాసిస్తే చాలు. అంతకు మించితే ఆధారాలు చూపాలి. దీనికీ విడిగా పరిమితి ఉంది కాబట్టి ఇదీ తగ్గే అవకాశం ఉన్నదే. కానీ సూత్రం ముఖ్యం: బ్యాంకుల చుట్టూ, పోలీసుల చుట్టూ తిరిగిన గంటలు కూడా నష్టమేనని చట్టం ముందు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. క్యాపిటల్ వన్ కేసులోనూ ఇదే పద్ధతి. అక్కడ గరిష్ఠ పరిమితి 25,000 డాలర్లు, సమయానికి గంటకు కనీసం 25 డాలర్లు, 15 గంటల వరకు.

ఒక చివర 21 సెంట్లు, ఇంకో చివర 20,000 డాలర్లు. రెండూ ఒకే కేసులోవి. వాటి మధ్య ఉన్నది రశీదు, తేదీ, ఫిర్యాదు నకలు. డేటా పోవడం ఒక్కటే చాలా చోట్ల పెద్ద పరిహారం తెచ్చిపెట్టదు. దానివల్ల ఫలానా రోజున ఫలానా నష్టం జరిగిందని చూపగలిగితేనే అసలు హక్కు మొదలవుతుంది.

రూ.250 కోట్లు: మన దేశంలో అది ఎవరికి?

ఇప్పుడు మన సంగతి. 2016లో ఏటీఎం లావాదేవీలు నడిపే హిటాచీ పేమెంట్ సర్వీసెస్ వ్యవస్థలోకి మాల్‌వేర్ చొరబడింది. దాదాపు 32 లక్షల డెబిట్ కార్డులు ప్రమాదంలో పడ్డాయని తేలింది. 19 బ్యాంకులకు చెందిన 641 మంది ఖాతాదారుల నుంచి రూ.1.3 కోట్లు పోయినట్టు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ చెప్పింది. సగటున ఒక్కొక్కరికి రూ.20 వేలకు పైగా. 2023 ఏప్రిల్ నాటికి లెక్కలు లక్షలు దాటి కోట్లకు చేరాయి. వ్యక్తులు, సంస్థలు కలిపి 66.9 కోట్ల వివరాలను పోగేసి అమ్ముతున్న ఒక వ్యక్తిని సైబరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇలాంటి నిర్లక్ష్యానికి గట్టి జరిమానాలే పెట్టింది. తగిన భద్రత లేకపోతే రూ.250 కోట్ల వరకు. డేటా పోయిందని డేటా రక్షణ బోర్డుకు, బాధితులకు చెప్పకపోతే రూ.200 కోట్ల వరకు. 2025 నవంబరులో నిబంధనలూ వెలువడ్డాయి. వాటిలోని ఈ భాగం అమల్లోకి వచ్చాక సంస్థ బాధితులకు ఆలస్యం లేకుండా తెలపాలి, బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి.

ఆ జరిమానా సొమ్ము చేరేది భారత సంచిత నిధికి. డేటా పోగొట్టుకున్న మనిషికి ఈ చట్టం కింద రావాల్సిన వాటా సున్నా. పైగా పాత తలుపు ఒకటి మూసుకుపోతోంది. ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్ ప్రకారం, సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడంలో నిర్లక్ష్యం చేసిన కంపెనీ బాధితుడికి నష్టపరిహారం కట్టాలి. రూ.5 కోట్ల వరకు క్లెయిమ్‌లను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి అడ్జుడికేటింగ్ అధికారి హోదాలో విచారిస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ అంతే. ఈ అధికారి ముందు న్యాయం దొరికిన సందర్భాలున్నాయి. ఫిషింగ్ ఈమెయిల్‌కు మోసపోయి డబ్బు పోగొట్టుకున్న తూత్తుకుడి ఖాతాదారుకు రూ.12.85 లక్షలు చెల్లించాలని తమిళనాడు ఐటీ కార్యదర్శి 2010 ఏప్రిల్‌లో ఐసీఐసీఐ బ్యాంకును ఆదేశించారు.

కొత్త చట్టం 43ఏ సెక్షన్‌ను తొలగిస్తుంది. ఆ తొలగింపు అమల్లోకి వచ్చేది నిబంధనలు వెలువడిన 18 నెలలకు, అంటే 2027 మే నెలలో. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలోనూ, 2019 బిల్లులోనూ బాధితుడికి పరిహారం అడిగే హక్కు ఉండేది. చివరికి చట్టమైన రూపంలో అది లేదు. 2.89 డాలర్లు తక్కువేనని బాధపడ్డాం. కానీ అక్కడ కనీసం భాగించడానికి ఒక నిధి ఉంది. ఇక్కడ బాధితుడి పేరుతో నిధే లేదు. ఆ హక్కును పార్లమెంటు తిరిగి చేర్చాలి. జరిమానాలో ఒక భాగాన్నైనా నష్టపోయినవాళ్లకు పంచే ఏర్పాటు ఉండాలి.

3, 7, 10, 90: బ్యాంకులో లెక్కపెట్టాల్సిన రోజులు

డేటా పోయినందుకు కాకపోయినా, దాన్ని వాడుకుని మన ఖాతా ఖాళీ చేస్తే మాత్రం మనకు బలమైన రక్షణే ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ దానికి ఆధారం. తప్పు బ్యాంకుదే అయితే ఎప్పుడు చెప్పినా ఖాతాదారు మీద భారం లేదు. తప్పు మనదీ కాక, బ్యాంకుదీ కాక, మధ్యలో మరెక్కడో జరిగితే:

- బ్యాంకు నుంచి సమాచారం అందాక 3 పనిదినాల్లోపు చెబితే మన భారం సున్నా.
- 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే మన భారానికి పరిమితి ఉంటుంది. కనీస సదుపాయాల పొదుపు ఖాతాకు రూ.5,000, మామూలు పొదుపు ఖాతాకు రూ.10,000, రూ.5 లక్షలకు మించిన పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు రూ.25,000.
- 7 పనిదినాలు దాటితే బ్యాంకు బోర్డు విధానం ఎలా ఉంటే అలా.

ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి. 90 రోజుల్లో తేల్చాలి. ఖాతాదారుదే తప్పని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. ఓటీపీ మనమే చెప్పేసి ఉంటే, ఫిర్యాదు చేసే క్షణం వరకు జరిగిన నష్టం మనదే. ఆ తర్వాత జరిగింది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు సమయం గంటలతో సహా నమోదవ్వాలి. నోటి మాట నీటి మూట అని పెద్దలు ఊరికే అనలేదు. కౌంటర్ దగ్గర చెప్పి వచ్చేయొద్దు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 2021 పథకం నష్టానికి రూ.20 లక్షల వరకు, దానికి అదనంగా పోయిన సమయానికి, మనోవేదనకు రూ.లక్ష వరకు ఇప్పించే అధికారం వారికి ఇచ్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కేసు వేసే దారీ ఉంది. సేవకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల్లోపైతే అక్కడ ఫీజు లేదు.

రోజుకు రూ.100: మన పేరు మీద అప్పు కనిపిస్తే

ఈక్విఫాక్స్ బాధితుల అసలు భయం వేరొకరు తమ పేరుతో అప్పు తీసుకోవడం. ఆ భయం మనకూ ఉంది. పాన్, ఆధార్, ఫోన్ నంబరు ఒకచోట చేరితే చిన్న యాప్ లోన్ పుట్టించడం కష్టం కాదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు బ్యూరోలు మన దగ్గర ఉన్నాయి. ఒక్కోటి ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున నాలుగింటినీ అడిగితే, పైసా ఖర్చు లేకుండా ఏడాదంతా కాపలా ఉన్నట్టే.

మనం తీసుకోని అప్పు కనిపిస్తే వెంటనే ఫిర్యాదు చేయాలి. అప్పిచ్చిన సంస్థకు 21 రోజులు, బ్యూరోకు మిగతా 9 రోజులు, మొత్తం 30 రోజుల గడువు. అది దాటితే ఫిర్యాదు తేలేవరకు రోజుకు రూ.100 చొప్పున పరిహారం చెల్లించాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. వంద రూపాయలు చిన్నవే. కానీ ఇందులో కోర్టు లేదు, లాయరు లేదు, అయిదేళ్ల నిరీక్షణ లేదు. ఫిర్యాదు తేదీ ఒక్కటుంటే మీటరు దానంతట అదే తిరుగుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఈక్విఫాక్స్ క్లెయిమ్ గడువులు ముగిశాయి కాబట్టి, ఇప్పుడు ఆ డబ్బు ఇప్పిస్తామంటూ ఎవరైనా సమాచారం అడిగితే అది మోసమే. క్లెయిమ్ వేయడానికి ఎప్పుడూ ఎవరికీ రుసుము కట్టాల్సిన పని లేదు. 2018 సెప్టెంబరు 21 నుంచి మూడు బ్యూరోలలోనూ క్రెడిట్ ఫ్రీజ్ ఉచితం. కొత్త అప్పు అవసరం లేని రోజుల్లో, ముఖ్యంగా ఇండియా వచ్చేసినవాళ్లు, ఫ్రీజ్ చేసి ఉంచడం అన్ని క్లెయిమ్‌ల కన్నా విలువైన రక్షణ.

ఒక ఫైలు

డేటా పోయిందని సంస్థ పంపిన ఈమెయిలో, ఎస్ఎంఎస్సో రాగానే చెరిపేయకండి. మీరు బాధితులని ఆ సంస్థే ఒప్పుకున్న మొదటి సాక్ష్యం అదే. దాన్ని దాచి, అక్కడి నుంచి ఒక ఫైలు మొదలుపెట్టండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫిర్యాదు నంబర్లు, పోలీసు రసీదు, క్రెడిట్ నివేదిక కాపీలు, ఖర్చుల బిల్లులు, ఏ రోజు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో తేదీలతో ఒక కాగితం.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల తరఫున ఈ పని మీరు చేయండి. మూడు పనిదినాలన్న గడువు గురించి వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. పింఛను ఖాతాలోంచి డబ్బు పోయిన రోజున ఆ అమ్మకో నాన్నకో మొదట కలిగేది సిగ్గు. ఆ సిగ్గుతోనే నాలుగో రోజు, ఎనిమిదో రోజు దాటిపోతాయి. తప్పు తమది కాదని, చెబితే డబ్బు తిరిగొచ్చే అవకాశం ఉందని వాళ్లకు ముందే తెలియాలి.

14.7 కోట్ల మందికి జరిగిన అన్యాయం ఒక్కటే. దాని విలువ కొందరికి సెంట్లలో తేలితే, కొందరికి వేల డాలర్లలో తేలింది. చట్టం బాధితుడి వైపు ఇంకా చాలా జరగాలి, దానికోసం అడుగుతూనే ఉండాలి. అది జరిగే వరకు మన చేతిలో ఉన్న బలం తేదీ వేసిన ఆ ఫైలే.